నాయన ఉండే పేజీలు

గిరిధర్ ఫోన్ చేసినప్పుడు ఎస్తేరు ఒక ముసలాయనకు బీపీ మాత్రలు ఇస్తూ ఉంది. పెనుకొండ బస్టాండుకు ఎదురుగా ఉన్న మందుల షాపులో ఆమెకు పని. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మాత్రల షీటును కత్తెరతో సగానికి కత్తిరిస్తూనే "చెప్పు గిరీ" అంది.

"అక్కా, మంచి మాట! మన పుస్తకం ప్రింటుకు పోతాండాది" అన్నాడు గిరిధర్. సంబరమంతా గొంతులోనే ఉంది. "అన్నకు చెప్దామని చేస్తే ఎప్పుడూ స్విచ్చాఫే వస్తాండాది. నంబరు మార్చినాడా?"

ఎస్తేరు మాత్రలు కవర్లో వేసి ముసలాయన చేతిలో పెట్టింది. "పొద్దున ఒకటి, తిన్నాంక" అని ఆయనకు చెప్పి, ఫోన్లో "అన్న లేడు గిరీ" అంది.

"డ్యూటీలో ఉన్నాడా?"

"కాదు. ఉగాదికి ముందే పోయినాడు. గుండె ఆగిపోయింది."

ఎస్తేరు ఇంకో మనిషి దగ్గర చీటీ తీసుకుని చదివింది. దగ్గు మందు కావాలట. మెట్ల స్టూలెక్కి పై అరలోంచి సీసా తీసింది. ఫోన్లో గిరిధర్ ఊపిరి మాత్రం వినబడుతోంది. "మళ్ళా చెయ్యి గిరీ, గిరాకీ ఉండాది" అని పెట్టేసింది.

ఎస్తేరు భర్త విజయ్ కుమార్ కార్లకు సీట్లు కుట్టే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. చనిపోయిన రోజు షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు పెనుకొండకు వచ్చింది, అందరూ దిగారు. తల కిటికీకి ఆనించి ఉన్నాడు కాబట్టి నిద్రపోతున్నాడనుకున్నారు. డ్రైవరు వచ్చి భుజం తట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ముప్పై అయిదేళ్ళు కూడా నిండని మనిషి.

ఆ రోజు నుంచి ఎస్తేరు ఏడవలేదు. ఏడవకూడదని పట్టుబట్టింది కాదు. పన్ను పీకే ముందు సూది వేస్తే బుగ్గ తాకినా వేరేవాళ్ళ బుగ్గను తాకినట్టు ఉంటుందే, ఆమెకు ఒళ్ళంతా అట్లాగే ఉంది. వండేది, ఆకలి లేకపోయినా తినేది, కూతురు శ్రుతికి జడ వేసేది, షాపుకు వచ్చేది. చూసినవాళ్ళు గుండె గట్టిదన్నారు. చాటుకు వేరే మాట కూడా అన్నారు. రెండూ ఆమె చెవిన పడ్డాయి గానీ ఏదీ లోపలికి దిగలేదు.

గిరిధర్ మరుసటి రోజు మళ్ళీ ఫోన్ చేశాడు. హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు అతను. విజయ్ కుమార్‌తో పాటు అక్కడి హాస్టల్లో ఉండి చదువుకున్నవాడు, రెండు క్లాసులు చిన్న. బెంగళూరులో పిల్లల పుస్తకాలు వేసే చిన్న సంస్థ ఒకటి రకరకాల ఇళ్ళ మీద బొమ్మల పుస్తకాలు తెస్తోంది. సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇల్లు ఒకటి, తాత ఒక్కడే మనవరాలిని పెంచే ఇల్లు ఒకటి, మూడు భాషలు మాట్లాడే ఇల్లు ఇంకొకటి. అందులో ఒకదానికి బొమ్మలు వేయమంటే గిరిధర్‌కు విజయ్ కుమార్ ఇల్లు గుర్తొచ్చింది.

విజయ్ కుమార్‌ది గుడిబండ దగ్గరి పల్లె. గొర్రెలు కాసే కుటుంబం, ఇంటి దేవుడు బీరప్ప. ఎస్తేరుది ధర్మవరం, చర్చికి పోయే కుటుంబం. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. మొదట్లో రెండు వైపులా మొహాలు ముడుచుకున్నారు గానీ శ్రుతి పుట్టాక అవి సడలాయి. విజయ్ కుమార్ తల్లి ఆదెమ్మ కంబళ్ళకు ఉన్ని వడుకుతుంది. ఎస్తేరు తల్లి సుగుణమ్మ మగ్గాలవాళ్ళకు పట్టు నూలు కండెలు చుడుతుంది. గిరిధర్ ఒక క్రిస్మసుకు ధర్మవరంలోనూ, ఒక జాతరకు పల్లెలోనూ వాళ్ళతోపాటే ఉండి బొమ్మలు గీసుకుపోయాడు. పుస్తకానికి 'ఉన్ని అవ్వ, పట్టు అవ్వ' అని పేరు కూడా అప్పుడే పెట్టాడు. అది జరిగి రెండేళ్ళవుతోంది.

"వాళ్ళతో మాట్లాడినాక్కా" అన్నాడు గిరిధర్ ఈసారి నెమ్మదిగా. "ప్రింటు ఆపినారు. అన్న బొమ్మ ఉంచాల్నా తీసేయాల్నా, మీరే చెప్పాలన్నారు. నువ్వొక్కదానివే కాదు, అవ్వలిద్దరూ ఉండారు కదా పుస్తకంలో. ముగ్గురూ ఒక మాట మీద ఉంటే అట్లే చేస్తారంట."

"నీకేది మేలనిపిస్తే అది చెయ్యి గిరీ."

"నేను చెప్పేది కాదక్కా ఇది. ఒకసారి వచ్చి చూడు. అవ్వలకు చూపించి అడుగు."

ఎస్తేరు సరేనంది. కాదనడానికి కూడా కొంత ఓపిక కావాలి, అది ఆమె దగ్గర లేదు. అవ్వలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని అతనికి చెప్పలేదు.

విజయ్ కుమార్‌ను పల్లెలో వాళ్ళ చేను గట్టున పూడ్చారు. ఆ రోజు సుగుణమ్మ ధర్మవరం నుంచి పాస్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చింది. గుంత దగ్గర ప్రార్థన చేస్తామంటే విజయ్ కుమార్ పెదనాయన రంగప్ప అడ్డం నిలబడ్డాడు. "మా బిడ్డకు మా పద్ధతి ఉండాది. మీ పాటలు ఈడ వద్దు" అన్నాడు. ఆదెమ్మ మట్టిలో కూలబడి ఉంది, అవునని కాదని ఏమీ అనలేదు. పాస్టరు గారు వెనక్కి తిరిగి పోయి జీపులో కూర్చున్నారు. దినాల నాడు గాజులు తీసే పద్ధతి ఉందని తెలిసి సుగుణమ్మ, "నా బిడ్డను నలుగుర్లో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టేదానికి నేను ఒప్పుకోను" అని ఎస్తేరునూ శ్రుతినీ ముందే బయలుదేరదీసింది. ఎస్తేరు ఎవరు లేవమంటే లేచింది, ఎక్కమంటే ఎక్కింది. దినాల నాడు కోడలూ మనవరాలూ లేకుండానే ఆదెమ్మ కొడుక్కు కూడు పెట్టింది. ఆ మాట ఎవరో ఫోన్లో చెప్పారు. అంతే, మళ్ళీ మాటల్లేవు.

ఆ ఆదివారం ఎస్తేరు చర్చికి పోలేదు. శ్రుతిని తీసుకుని ప్యాసింజరు రైల్లో హిందూపురం పోయింది. గిరిధర్ ఇంటి ముందు గదిలో చాప పరిచి, ప్రింటు తీసిన షీట్లను వరసగా పెట్టి ఉంచాడు. ఆరేళ్ళ శ్రుతి మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో బొమ్మా చూసుకుంటూ పోయింది.

మొదటి పేజీలో చిన్న పిల్ల రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. 'నాకు ఇద్దరవ్వలు. ఒక అవ్వ ఒడినిండా ఉన్ని. ఇంకో అవ్వ ఒడినిండా పట్టు.' తర్వాతి పేజీలో నల్ల గొర్రెల మంద, మధ్యలో ఆదెమ్మ. ముక్కుకు అటొకటి ఇటొకటి ఉన్న ముక్కుపుడకలతో సహా దించేశాడు గిరిధర్. ఇంకో పేజీలో సుగుణమ్మ కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని కండె చుడుతోంది. 'ఉన్ని అవ్వ పొద్దున్నే బీరప్పకు మొక్కుతుంది. పట్టు అవ్వ పొద్దున్నే యేసయ్యకు ప్రార్థన చేస్తుంది. ఇద్దరూ అడిగేది నా గురించే.'

ఆ పేజీకీ ఈ పేజీకీ మధ్య ప్రతిచోటా రోడ్డు ఉంది. రోడ్డు మీద బండి, బండి మీద విజయ్ కుమార్, ముందు ట్యాంకు మీద పిల్ల. ఎండలో, వానలో, ఒకచోట గొర్రెలు అడ్డం వస్తే కాలు కింద పెట్టి ఆపుకుని.

ఎస్తేరు ఆ మొహాన్ని చూసింది. లోపల ఏదో ఒకటి అవుతుందని ఎదురుచూసింది. ఏమీ రాలేదు. మీసం కొంచెం లావుగా గీశాడనిపించింది, అంతే.

"నాయనకు హెల్మెట్ ఏదీ?" అంది శ్రుతి.

గిరిధర్ తడబడ్డాడు. "మొహం కనబడల్ల కదా పాపా, అందుకని పెట్టల్యా."

"నాయన హెల్మెట్ లేకుండా నన్ను ఎక్కించుకోడు" అని చెప్పి శ్రుతి తర్వాతి బొమ్మకు పోయింది.

గిరిధర్ ఇంకో నాలుగు షీట్లు తెచ్చి ఎస్తేరు ముందు పెట్టాడు. "తీసేసి కూడా చూసినాక్కా." వాటిలో రోడ్డు ఉంది, పిల్ల ఉంది. బండి లేదు. పిల్ల ఒక్కతే రోడ్డు మీద నిలబడి ఉంది. "ఇది నాకే చూడబుద్ధి కాల్యా. ఆయన్ను తీసేస్తే పిల్ల ఈ అవ్వ కాడ్నుంచి ఆ అవ్వ కాడికి ఎట్ల పోతాది? నిన్ను పెడదామంటే నీకు బండి రాదు."

"రాదు" అంది ఎస్తేరు.

షీట్లను అట్టపెట్టి కవర్లో కట్టి ఇచ్చాడు. రైల్వే స్టేషనుదాకా తోడు వచ్చాడు. టికెట్ల దగ్గర, "నాకు ఎవురూ చెప్పల్యా అక్కా. తెలిసుంటే మట్టి వేసేదానికన్నా వచ్చేవాణ్ణి" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి అతనికి. ఎస్తేరు ఆ కళ్ళను చూసి, ఇతనికి ఇంత తొందరగా ఎట్లా వచ్చేశాయా అనుకుంది.

వారం మధ్యలో సెలవు పెట్టుకుని ధర్మవరం పోయింది. సుగుణమ్మ చేతులు తుడుచుకుని, పట్టుకు రంగు అంటకుండా దూరంగా మంచం మీద కూర్చుని షీట్లు తిప్పింది. తన బొమ్మ చూసి "నా మెడ ఇంత పొట్టిగా ఉంటాదా" అంది గానీ ఆమెకు నచ్చిందని తెలుస్తూనే ఉంది. క్రిస్మసు పేజీ దగ్గర ఆగింది. చర్చి నిండా రంగు కాగితాలు, నక్షత్రాలు, కొత్త బట్టల్లో పిల్లలు. వాకిలి దగ్గర విజయ్ కుమార్ గడపకు అవతల, చేతులు కట్టుకుని లోపలికి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"అబ్బాయిని ఉంచండి. తీసేయద్దు" అంది సుగుణమ్మ. "అయితే ఈ ఒక్క బొమ్మ మార్చమను. లోపలికి తీసుకురమ్మను. నీ పక్కన కూర్చోబెట్టమను."

"ఆయన ఎప్పుడూ లోపలికి రాల్యా కదమ్మా."

"రాల్యా అని నాకు తెలీదా? వచ్చిన ప్రతి ఆదివారమూ వాకిట్లో నిలబడి చెప్పులు కాసేవాడు. ఇంకో రెండేళ్ళుంటే వచ్చేవాడేమో. చావు నాడు నన్ను ఒక మాట ప్రార్థన చేసుకోనిచ్చినారా వాళ్ళు? పుస్తకంలోనన్నా లోపల కూర్చోనీ."

ఎస్తేరు బొమ్మ వైపు చూసింది. పాట అయిపోయేదాకా అతను అక్కడే నిలబడేవాడు. ఒకసారి ఎందుకు రావు అని అడిగితే, "లోపలికొస్తే మా అమ్మకు చెప్పాల్సొస్తాది. ఈడ నిలబడితే ఎవురికీ చెప్పే పనిలేదు" అన్నాడు. ఆ మాట తల్లికి చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చి ఆగింది. "చెప్తాలేమ్మా" అని షీట్లు సర్దుకుంది.

ఇక మిగిలింది పల్లె. ఆ తర్వాతి ఆదివారం హిందూపురం, మడకశిర మీదుగా రెండు బస్సులు మారి గుడిబండలో దిగేసరికి ఎండ ఎక్కింది. అక్కణ్ణుంచి ఆటో. దారి పొడుగునా శ్రుతి అడుగుతూనే ఉంది, అవ్వ తిడుతుందా అని. తెలియదంది ఎస్తేరు. నిజంగానే తెలియదు. భయంగా ఉందా అని తనను తాను అడిగి చూసుకుంది. భయం కూడా లేదు.

ఆదెమ్మ ఇంటి ముందర నీడలో కూర్చుని ఉన్ని చిక్కు తీస్తోంది. ఆటోలోంచి దిగిన వాళ్ళను చూసి లేవలేదు. శ్రుతి ఉరికి పోయి మెడకు చుట్టుకునేసరికి, "నా కూసే, నా కూసే" అని దాని వీపంతా తడిమింది. ఎస్తేరు వైపు చూడకుండానే, "కుండలో నీళ్ళుండాయి. తాగు" అంది.

ఎస్తేరు నీళ్ళు తాగి వచ్చి గడప పక్కన కూర్చుంది.

"ఇప్పుడు గుర్తొచ్చినామా?" అంది ఆదెమ్మ.

"గిరిధర్ పుస్తకం తెచ్చినా అత్తా."

"పుస్తకమా?" ఆదెమ్మ ఉన్నిని పక్కన పడేసింది. "దినాలకు ఊరంతా వచ్చినారు. నీ కోడలేది, నీ మనవరాలేది అని ఒక్కొక్కరూ అడిగినారు. నేనేమని చెప్పల్ల? మా బావ మీ అమ్మను అనరాని మాటే అన్నాడు, నేను కాదనను. నా ఒళ్ళు నాకు తెలీకుండా ఉంటి ఆపొద్దు. నువ్వన్నా ఉండల్ల కదా. గాజులు తీస్తారని భయపడితివి, నాకు ఒక్క మాట చెప్పింటే నేనే వద్దందును. నావి తీసినప్పుడు నాకు ఇరవయ్యారేండ్లు. ఎట్లుంటాదో నాకు తెలీదా?"

చెప్పడానికి ఎస్తేరు దగ్గర జవాబు ఉంది. లే అంటే లేచాను, నాకేమీ తెలియలేదు అని. అది జవాబులా అనిపించలేదు ఆమెకు.

శ్రుతి అప్పటికే కవరు విప్పి షీట్లు బయటికి లాగింది. "అవ్వా, ఇది నువ్వు! ఇవి నీ ముక్కుపుడకలు!" అని ఒళ్ళో పెట్టింది. ఆదెమ్మ చూడనన్నట్టు మొహం తిప్పుకుంది. తిప్పుకున్న మొహం కాసేపటికి తనంతట తనే ఇటు తిరిగింది. గొర్రెల్ని చూసింది. కొమ్ము విరిగిన పొట్టేలును గుర్తుపట్టింది. బండి మీద కొడుకును చూసి వేలుతో ఆ కాగితాన్ని ముట్టుకుంది.

"తీసేయమని చెప్పు" అంది. "నా కొడుకును బొమ్మ చేసి ఊరూరా తిప్పేది వద్దు. ఎవురి పిల్లోళ్ళో చూసి నవ్వుకుంటారు. వాడేమన్నా ఆటబొమ్మనా?"

"సరే అత్తా. తీసేయమంటా."

అంత తొందరగా ఒప్పుకుంటుందని ఆదెమ్మ అనుకోలేదు. కోడలి మొహంలోకి అప్పుడు నేరుగా చూసింది. తర్వాత షీటును మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఏమని రాసిండారు వీని కింద?" అని అడిగింది.

శ్రుతి కూడబలుక్కుంటూ చదివింది. "నా-య-న బండి తెచ్చాడు. ఎక్కు ఎక్కు అన్నాడు."

"పేరు లేదా?"

"నాయన అనే ఉండాది అవ్వా. అంతటా నాయనే."

"నాయన అంటే లోకంలో ఎవురికైనా నాయనే. నా కొడుకని ఎవురికి తెలుస్తాది?" అంది ఆదెమ్మ. గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "పేరు రాయమని చెప్పు. బడిలో అయ్యవారు పెట్టిన పేరు కాదు. బీరప్ప అని రాయమను. నేను మొక్కుకుని కన్న పేరు. రాస్తే ఉంచుకోండి. రాయకపోతే తీసేయండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎస్తేరు ఆ పేరుతో అతన్ని ఒక్కసారీ పిలవలేదు. పల్లెకు వచ్చినప్పుడు అతని తల్లి పెరట్లోంచి "బీరా" అని కేకేస్తే, విజయ్ కుమార్ తినేది తింటూనే లేచి పోయేవాడు. ఆ పిలుపుకు లేచే మనిషి తనకు అంతగా తెలియదని ఆమెకు అప్పుడు తోచింది.

"రాయిస్తా అత్తా" అంది.

ఆదెమ్మ లోపలికి పోయి సంగటి, ఉలవచారు తెచ్చి ముగ్గురికీ పెట్టింది. తిన్నాక శ్రుతి గొర్రెపిల్లల దొడ్డిలోకి పోయింది. ఆదెమ్మ చెయ్యి కడుక్కుని, కొంగుతో మూతి తుడుచుకుని, చేను వైపు గడ్డం ఎత్తి చూపింది.

"పో. ప్రార్థన చేసుకుని రాపో. మా బావ మందతో పోయిండాడు. ఈడెవురూ లేరు."

చేను గట్టున మట్టి దిబ్బ వానలకు సగం కుంగింది. గొర్రెలు తొక్కకుండా చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. ఎస్తేరు కంప బయట నిలబడింది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థనలు ఎన్నో ఉన్నాయి. పరలోకమందున్న మా తండ్రీ అని మొదలుపెట్టి ఆగిపోయింది. ముందుకు పోవడానికి మాటలు దొరకలేదు. చేలో వేరుశెనగ పచ్చగా ఉంది. దూరంగా ఎవరో ట్రాక్టరు తోలుతున్నారు. కంపలో ఒక ప్లాస్టిక్ కవరు చిక్కుకుని గాలికి కొట్టుకుంటోంది. వంగి దాన్ని విడిపించింది. ముల్లు గుచ్చుకుని వేలి మీద రక్తం బొట్టు కట్టింది. దాన్ని చూస్తూ కాసేపు నిలబడి వెనక్కి వచ్చేసింది.

"చేసినావా?" అంది ఆదెమ్మ.

"మాట రాల్యా అత్తా."

"నాకూ రాదు" అంది ఆదెమ్మ, ఉన్నిలోంచి గరికముక్క ఏరి పడేస్తూ. "దినామూ పోతా. కూర్చుంటా. వస్తా. అంతే."

ఎస్తేరు ఆమె పక్కన కూర్చుంది. ఆదెమ్మ ఒక పాయ ఉన్ని తీసి కోడలి ఒళ్ళో పడేసింది. ఆటో వచ్చేదాకా ఇద్దరూ చిక్కు తీస్తూ కూర్చున్నారు.

గుడిబండలో బస్సు కోసం నిలబడి గిరిధర్‌కు ఫోన్ చేసింది. అవ్వలిద్దరూ ఉంచమన్నారని, బీరప్ప అని పేరు రాయాలని చెప్పింది. అతను సంతోషంగా రాసుకున్నాడు. "ఇద్దరూ ఉంచమన్నారు కదా, మంచిదాయె. మరి మీ అమ్మ ఏమీ మార్చమనల్యా?"

"చర్చి లోపలికి తీసుకురమ్మంది."

"తెస్తా. అదేం పెద్ద పని కాదు."

"వద్దు గిరీ" అంది ఎస్తేరు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆయన బయటే నిలబడేవాడు. బయటే ఉండనీ."

"మీ అమ్మ ఒప్పుకోవాల కదక్కా."

"నేను చెప్పుకుంటా."

చెప్పింది. సుగుణమ్మ వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఎత్తి, "నీ ఇష్టం, నీ మొగుడు" అని మాత్రం అని, శ్రుతి జలుబు సంగతి అడిగింది. దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నారు.

పుస్తకం డిసెంబరు మొదట్లో వచ్చింది. హిందూపురంలో ఒక కల్యాణమండపంలో పిల్లల్ని పోగుచేసి చదివి వినిపిస్తామని పిలిచారు. సుగుణమ్మ రానంది. ఆదెమ్మ మాత్రం కొత్త రవిక తొడుక్కుని, ఊళ్ళోవాళ్ళ ఆటో ఒకటి మాట్లాడుకుని వచ్చింది. కుర్చీ వద్దని పిల్లలతోపాటు కిందనే కూర్చుంది.

బెంగళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పుస్తకం చదివింది. ప్రతి పేజీనీ వెనక తెర మీద పెద్దగా వేశారు. 'నా నాయన పేరు బీరప్ప. నాయన బండి తెచ్చాడు. ఎక్కు ఎక్కు అన్నాడు.' ఆ పేరు వినబడినప్పుడు ఆదెమ్మ ఎవరో పిలిచినట్టు తలెత్తింది. గొర్రెలు రోడ్డుకు అడ్డం వచ్చిన చోట పిల్లలంతా గట్టిగా నవ్వారు. ఎస్తేరు ఆదెమ్మ వైపు చూసింది. ఆదెమ్మ కూడా నవ్వుతోంది, పళ్ళు బయటపెట్టి.

చదవడం అయ్యాక ఎస్తేరునూ శ్రుతినీ ముందుకు పిలిచి, బొమ్మల్లో ఉన్నది వీళ్ళే అని చెప్పారు. పిల్లలు మెడలు సాచి చూశారు. ముందు వరసలో ఒక చిన్న పాప చెయ్యి ఎత్తింది.

"మరి బీరప్ప యాడ?"

గిరిధర్ గబుక్కున ముందుకు వచ్చి, "బీరప్పన్న ఊరికి పోయి..." అని మొదలుపెట్టాడు.

"చనిపోయినాడు" అంది ఎస్తేరు.

వెనక కూర్చున్న టీచరమ్మలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ పాప మాత్రం ఆలోచించి ఇంకో ప్రశ్న అడిగింది.

"ఇప్పుడు బండి ఎవురు తోలుతారు?"

"ఎవురూ తోలరు. మేము బస్సులో పోతాం" అంది శ్రుతి. "గుడిబండ బస్సులో కిటికీ కాడ కూర్చుంటే నెమళ్ళు కనబడతాయి."

ఎన్ని నెమళ్ళు అని ఒకడు, గొర్రె పొడుస్తుందా అని ఇంకొకడు, చేతులన్నీ ఒక్కసారే లేచాయి. శ్రుతి నడుము మీద చెయ్యి పెట్టుకుని ఒక్కొక్కరికీ జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఎస్తేరు నెమ్మదిగా పోయి ఆదెమ్మ పక్కన కూర్చుంది. ఆదెమ్మ కోడలి మోకాలి మీద చెయ్యి వేసి అదిమి పట్టుకుంది.

సాయంత్రం శ్రుతి అవ్వతో పోతానని మారాం చేసింది. రెండు రోజులు సెలవే కదా, పంపమంది ఆదెమ్మ. ఎస్తేరు పంపింది. పెనుకొండ బస్సులో ఒక్కతే కూర్చుంది. పాలసముద్రం దాటాక సుగుణమ్మ ఫోన్ చేసింది.

"ఎట్ల జరిగింది?"

"బాగా జరిగిందిమ్మా."

"పిల్లేది?"

"అవ్వతో పల్లెకు పోయింది."

వెనక కండె తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. "ఆమె వచ్చిందా అయితే" అంది సుగుణమ్మ. "నేనూ వచ్చింటే బాగుండేదేమో."

"ఇంకోసారి వద్దువులేమ్మా."

"నువ్వు తిన్నావా?"

"ఏదో ఒకటి తింటాలే."

"ఏదో ఒకటి అంటే ఏమిది? ఎప్పుడడిగినా అదే మాట."

కిటికీలోంచి చలిగాలి వస్తోంది. ముందు సీట్లో ఎవరో వేయించిన శెనక్కాయలు వలుచుకుంటున్నారు, ఆ వాసన వస్తోంది.

"తెలీదుమ్మా" అంది ఎస్తేరు. "ఆకలైతాండాది. దిగినాంక చూస్తా."